మెదడు కొలతయు, ఏకాదశి యుపవాసమును

మా అత్తగారికి మతిమఱపు హెచ్చగుటచే క్రిందటి యేడు గుడివాడనుండి విజయవాడకు దీసికొనిపోయి మెదడునకు ఎమ్.ఆర్.ఐ. చిత్రములు తీయించితిమి. పది నెలల పిదప వేఱొకచోట మరల తీయించితిమి. రెండవ కాగితమున మెదడు పరిమాణము నూటికి ఇంచుమించు ఒకవంతు తగ్గినట్లుండెను. "నా మెదడు కరిగిపోతోందటే అమ్మాయీ?" అని ఆమె యడుగగా నాకు నోట మాట రాలేదు.

నరముల వైద్యుడు చూచి, "యంత్ర మొకటేనా? ఆనాడు నీరు త్రాగినారా?" అని యడిగెను. అప్పుడు జ్ఞప్తికి వచ్చినది: ఆనాడు ఏకాదశి. ముందునాటి రాత్రినుండి ఆమె మంచినీరైనను ముట్టలేదు!

జర్మనీలోని మ్యూన్‌స్టర్ పరిశోధకులు 2005లో ప్రకటించిన సంగతి సోదరీమణులు వినదగినది. ఆరోగ్యవంతులు 16 గంటలు ద్రవమేమియు పుచ్చుకొనకున్నచో మెదడు పరిమాణము సగటున నూటికి 0.55 వంతు తగ్గెను. నీరు త్రాగిన పిమ్మట మరల పెరిగెను. వార్ధక్యమున ఆరోగ్యవంతులకు ఏడాదిలో తగ్గునదియు సుమారు అరవంతే. ఒక యేటి వయస్సును, ఒక రాత్రి దాహమును కొలతలో నొక్కరీతిగా గనబడుననుట! అల్జీమర్ వ్యాధిలో తగ్గుదల ఏటికి రెండు వంతుల వఱకు నుండును గనుక నడుమనున్న యంకెలే మనుష్యులను భయపెట్టును.

యంత్రము మారినను, లెక్కకట్టు సాధనము మారినను, తల కొంచెము కదలినను అంకె మారును. ధాన్యము కుంచమును కుదిపి కొలిచిన నొక లెక్క, కుదుపక కొలిచిన నొక లెక్క గదా! మెదడు పనిచేయుచుండగా తీయు చిత్రముల సంగతి మఱియు విచిత్రము. 2020లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమువారు అట్టి 90 ప్రయోగములను కలిపి చూడగా, కొలతలు పూర్తిగా నిలకడగా నుండుట 1 అనుకొనినచో వచ్చినది 0.397 మాత్రమే.

ఎవరితో పోల్చి చిన్నదనుచున్నారన్నది వేఱొక ప్రశ్న. చిరకాలము కెనడాలోని మాంట్రియల్ నమూనాయే ప్రమాణముగా నుండెను. 2019లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీవారు 100 మంది భారతీయుల చిత్రములతో మన నమూనాను కూర్చి, మన మెదడు సగటున పాశ్చాత్యులదానికన్న చిన్నదని చూపిరి.

చిత్రములు నిష్ప్రయోజనములని నా భావము కాదు. కణితి, రక్తస్రావము వంటివి వైద్యుని కంటికి తెలియును. చిక్కంతయు పలుచని తేడాలతోడనే.

ఈ వైశాఖమున మొదటిచోటనే, అదే వేళకు, వైద్యుని యడిగి నీరు త్రాగించి తీయించితిమి. మొదటిదానికంటె తగ్గినది అరవంతుకు లోపేనట. మతిమఱపు మాత్రము పోలేదు. నిన్న బీరువా తాళపుచెవులు బియ్యపు డబ్బాలో దొరకినవి.