సరస్సు నడుమ దాహం

కెనడా దేశంలో విన్నిపెగ్ అనే పెద్ద నగరం ఉన్నది. అక్కడ కొళాయి తిప్పితే వచ్చే నీరు ఎక్కడిదో తెలుసా? దాదాపు 156 కిలోమీటర్ల దూరాన ఉన్న షోల్ సరస్సుది. నీరు పల్లమెరుగునంటారు గదా! సరస్సు నగరం కన్న ఎత్తున ఉన్నది. అందుచేత నేల వాలునబట్టి నీరు పెద్ద కాలవగుండా పారివస్తుంది. ఆ కాలవ 1919లో పూర్తి అయింది.

అయితే ఆ సరస్సు ఒడ్డున తరతరాలుగా అనిషినాబె ప్రజలు నివసిస్తున్నారు. వాళ్ళు అక్కడ చేపలు పట్టేవారు. నీటిలో దానంతట అదే మొలిచే అడవి వరిని పడవలలోకి దులుపుకునేవారు. ఆ వరిని వాళ్ళు మనోమిన్ అంటారు. నగరానికి నీరు కావలసివచ్చి వాళ్ళ భూమి తీసుకున్నారు. పాత ఊరూ, పెద్దలను పూడ్చిన నేలా అందులో పోయినాయి.

అంతటితో అయిపోలేదు. ఫాల్కన్ నది తెచ్చే మురికిరంగు నీరు నగరపు నీటిలో కలవకుండా కట్ట కట్టి, ఇంకొక కాలవ తవ్వి, ఆ నీటిని అవతలికి మళ్ళించారు. దానితో అనిషినాబెల ఊరు ఒక దీవి అయిపోయింది!

వేసవిలో బల్లకట్టు మీద దాటాలి. చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీదుగా పోవాలి. మంచు సగం కరిగిన రోజుల్లో పడవ సాగదు, నడిస్తే మంచు విరుగుతుంది. అలా మునిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఆ ఊళ్ళో నీరు శుద్ధి చేసే యంత్రశాల కూడా లేదు. 1997 నుంచి నీరు కాచుకుని తాగవలసిందని హెచ్చరిక ఉండేది. నగరానికి నీరిచ్చే సరస్సు చుట్టూ ఉన్నా, ఆ ఊరివాళ్ళు సీసాల నీరు తెప్పించుకుని తాగారు.

వాళ్ళు నిరాశపడి ఊరుకోలేదు. 2014లో విన్నిపెగ్ లో మానవ హక్కుల మ్యూజియం తెరిచారు. అప్పుడు ఈ ఊరివాళ్ళు తమ ఊరినే ఒక మ్యూజియం చేసి, తమ కష్టం కళ్ళారా చూసిపొమ్మని జనాన్ని పిలిచారు. విన్నిపెగ్ పౌరులు కూడా చాలామంది వాళ్ళ పక్షం మాట్లాడారు.

చివరకు 2019లో 24 కిలోమీటర్ల రోడ్డు వచ్చింది. దానికి స్వేచ్ఛా మార్గమని పేరు. రోడ్డు వచ్చినాక యంత్రాలు వచ్చాయి. 2021లో నీటి శుద్ధిశాల తెరిచారు. 24 ఏళ్ళ తరవాత ఆ ఊరి పిల్లలు కొళాయి నీరు కాచకుండా తాగారు.

కాలవగుండా నగరానికి నీరు చేరిన నూరేళ్ళకు గాని, నీరిచ్చిన ఊరికి దారి పడలేదు. మనం కొళాయి కింద బిందె పెట్టినప్పుడు, ఆ నీరు ఏ ఊరి నుంచి వచ్చిందో, ఆ ఊరివాళ్ళకు తాగే నీరున్నదో లేదో కనుక్కోవటం మంచిది.