ఉత్తరంలో వచ్చిన కుందేలు

సెలవులకు దూరం వెళ్లినవారు ఇంటికి క్షేమసమాచారాలు వ్రాయడం లోకరీతి. సుఖంగా చేరామని వ్రాస్తే పెద్దలకు చాలు. జబ్బుతో మంచం పట్టిన అయిదేళ్ల పిల్లవాడికి ఏమి వ్రాయాలి?

1893లో బియాట్రిక్స్ పాటర్ అనే ఇంగ్లీషు యువతికి ఈ చిక్కే వచ్చింది. ఆమెకప్పుడు 27 ఏళ్లు. వేసవి గడపడానికి తల్లిదండ్రులతో లండను నుంచి స్కాట్లండు వెళ్లి, డన్‌కెల్డ్ అనే ఊళ్లో, టే నది ఒడ్డున అద్దె ఇంట్లో ఉన్నది. ఒకప్పుడు తనకు ఇంటివద్ద చదువు చెప్పిన ఆనీ మూర్ అనే ఆవిడ ఆమెకంటే మూడేళ్లే పెద్ద. గురువు అనడంకంటే స్నేహితురాలు అనడమే న్యాయం. ఆవిడ పెద్దకొడుకు నోయెల్‌కు ఒంట్లో బాగులేదు. సెప్టెంబరు 4వ తేదీన ఆ పిల్లవాడికి ఉత్తరం వ్రాయబోయి, విశేషాలేవీ తోచక, నాలుగు కుందేలు పిల్లల కథ మొదలుపెట్టింది. మాటల నడుమ కలంతో బొమ్మలు వేసింది.

నాలుగింటిలో పీటరు అల్లరివాడు. అమ్మ వద్దన్న తోటలో దూరి, కడుపునిండా తిని, తోటవాడి కంటబడి, కోటూ జోళ్లూ అక్కడే పారేసుకొని ఇల్లు చేరాడు. అమ్మ వాణ్ణి మంచమెక్కించి కషాయం పోసింది. దీనిని నీతికథ అంటారుగాని, నాకు అలా తోచదు. మంచంలో మందు మింగుతున్న పిల్లవాడికి, మంచంలో మందు మింగిన కుందేలు తోడు వచ్చింది!

మరునాడు నోయెల్ తమ్ముడికి చేపలు పట్టబోయిన కప్ప కథ వెళ్లింది. తమ్ముడు చిన్నబుచ్చుకోకూడదు గదా!

ఆ ఉత్తరాలను పారవేయకుండా దాచడమే ఆ ఇంటివారు చేసిన గొప్పపని. మన ఇండ్లలో తీగకు గుచ్చిన కార్డులు తీగ నిండగానే పొయ్యిలోకి పోయేవి. పుస్తకం వేయవచ్చునని సలహా చెప్పినదీ ఆనీయే. 1900లో పాటర్ నోయెల్ వద్ద ఉత్తరం ఎరువు తీసుకొని, కథ పెంచి వ్రాసింది. ప్రచురణకర్తలు కాదన్నారు. చిన్న చేతుల్లో ఇమిడే చిన్న పుస్తకం, తక్కువ వెల అన్నది ఆమె పట్టు. చివరకు 1901 డిసెంబరులో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించుకున్నది. తరువాత బొమ్మలన్నీ రంగుల్లో వేసి ఇవ్వగా, 1902 అక్టోబరులో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీ ప్రచురించింది.

తమ్ముడి కప్ప 1906లో పుస్తకమైంది. అంతకు ముందే, 1903లో, వారి చెల్లెలు నోరాకు 1901 సెలవుల్లో సరస్సు ఒడ్డునుంచి వ్రాసిన ఉడుత కథ కూడా అచ్చయింది. అందులో ఉడుతలు తెప్పలెక్కి, తోకలే తెరచాపలుగా, నీళ్లమీద సాగిపోతాయి.