మీకు తెలుసా? ఊరు దాటిన కథల వింత లెక్కలు

ఎలుగుబంటికి పాస్‌పోర్టు ఉంటుందా? పాడింగ్టన్‌కి ఉంది! పెరూ నుంచి ఓడలో దొంగచాటుగా లండన్ చేరి, మెడలో చీటీతో రైల్వే స్టేషన్‌లో కూర్చున్న ఎలుగుబంటి పిల్ల అది. 2024లో వచ్చిన మూడో సినిమా కోసం బ్రిటన్ హోంశాఖే దాని పేరిట ఒక నమూనా పాస్‌పోర్టు ఇచ్చింది. గమనికలు రాసే చోట ఏముందో చెప్పుకోండి చూద్దాం? ‘ఎలుగుబంటి’ అని! ఈ ఎలుగుబంటి కథల్లో 1958 నాటి మొదటి పుస్తకాన్ని మైకేల్ బాండ్ పది రోజుల్లో రాసేశారట.

అదే రచయిత అఖిల్ శర్మకైతే పన్నెండున్నరేళ్లు పట్టింది! ఎనిమిదేళ్లప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లిన ఈయన ‘ఫ్యామిలీ లైఫ్’ నవల కోసం సుమారు 7,000 పేజీలు రాస్తే, 2014లో అచ్చయింది 250 లోపే. ఈతకొలనులో ప్రమాదం జరిగి మంచాన పడ్డ సొంత అన్న కథ మరి, తేలిగ్గా కలం సాగుతుందా?

ఆలస్యంలో ఈయనకూ తాత ఉన్నాడు. పసితనంలోనే న్యూయార్క్ చేరిన హెన్రీ రాత్ మొదటి నవల ‘కాల్ ఇట్ స్లీప్’ 1934లో వచ్చింది. రెండోది? 1994లో! అరవై ఏళ్ల విరామం! మధ్యలో ఆయన బాతులు కూడా పెంచారు. 1964లో పాత నవలే చవక ప్రతిగా వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

కజువో ఇషిగురో ఐదేళ్లకే నాగసాకి వదిలారు, మళ్లీ జపాన్ గడ్డ తొక్కింది 1989లో. ఈలోగా జపాన్ కథలతో రెండు నవలలు రాసేశారు! తన ఊహలోని ఆ దేశం చెరిగిపోకముందే కాగితం మీద పెట్టాలన్నది ఆయన ఆరాటం.

రచయిత్రి ఝుంపా లాహిరి అసలు పేరు నీలాంజన సుదేష్ణ! బడిలో టీచరుకు ముద్దుపేరే తేలిగ్గా ఉందట, అదే లోకానికి తెలిసిన పేరైంది. మీ ఇంటి బుజ్జిలూ చిన్నీలూ జాగ్రత్త! ఈవిడ తర్వాత రోమ్ వెళ్లి, ఏకంగా ఇటాలియన్‌లోనే నవల రాసి, తానే దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకున్నారు.

షాన్ టాన్ ‘ది అరైవల్’ కథలో ఒక్క మాటా ఉండదు, అన్నీ బొమ్మలే! వీధి బోర్డులు కూడా ఎవరికీ రాని కల్పిత లిపిలో ఉంటాయి, కొత్తగా దిగినవాడి తికమక మనకూ తెలియాలిగా.

1850 తర్వాత ఎనభై ఏళ్లలో సుమారు 13 లక్షల మంది స్వీడన్ వదిలి అమెరికా వెళ్లారు. వాళ్ల కథను విల్హెల్మ్ మోబెర్గ్ నాలుగు నవలలుగా రాస్తే, 1995లో దాన్ని సంగీత నాటకం చేసింది ఓ పాప్ బృందం నుంచి వచ్చిన ఇద్దరు. ఏ బృందమంటారా? అబ్బా! విసుక్కోవడం లేదండీ, దాని పేరే అది!