బోర్డు మీద ‘మాంటిస్సోరి’.. లోపల కాపీ రైటింగ్! అడ్మిషన్‌కు ముందు ఇవి చూశారా?

మీ పిల్లాడికి మూడేళ్లు నిండాయా? అయితే స్కూల్ వేట మొదలయ్యే ఉంటుంది. వీధికో స్కూల్.. చాలా బోర్డుల మీద ‘మాంటిస్సోరి’ అనే పేరు. తీరా చేర్పించాక చూస్తే నర్సరీలోనే నాలుగు గీతల పుస్తకం, రోజూ హోంవర్క్. మరి అసలు మాంటిస్సోరి అంటే ఏంటి? పేరు చూసి ఫీజు కట్టేయొచ్చా?

రోమ్‌లో మొదలై.. మద్రాసు దాకా

మరియా మాంటిస్సోరి ఇటలీకి చెందిన డాక్టర్. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో, కూలి పనులకు వెళ్లేవాళ్ల పిల్లల కోసం ‘బాలల ఇల్లు’ తెరిచారు. పిల్లల ముందు వస్తువులు పెట్టి, వాళ్లు ఏం చేస్తున్నారో గమనించారు. ఆ గమనింపులోంచే ఈ పద్ధతి పుట్టింది.

మన దేశంతోనూ ఆమెకు గట్టి బంధమే ఉంది. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద మద్రాసులోని అడయార్‌కు వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం కారణంగా 1946 వరకు ఇక్కడే ఉండిపోయారు. ఆ కాలంలో వందల మంది టీచర్లకు శిక్షణ ఇచ్చారు.

క్లాసులో ఏం జరుగుతుంది?

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలంతా ఒకే గదిలో ఉంటారు. సామాన్లు పిల్లలకు అందే ఎత్తులో అరల్లో ఉంటాయి. ఏది చేయాలో పిల్లలే ఎంచుకుంటారు. ఎంతసేపు చేయాలన్నదీ వాళ్ల ఇష్టమే. టీచర్ ఒకసారి చేసి చూపించి పక్కకు తప్పుకుంటారు.

ఉదాహరణకు పింక్ టవర్. ఒక సెంటీమీటర్ నుంచి పది సెంటీమీటర్ల దాకా పది చెక్క దిమ్మెలు. పెద్దదాని మీద చిన్నది పేర్చాలి. వరస తప్పితే చూడగానే తేడా తెలిసిపోతుంది. ‘తప్పు’ అని ఎవరూ అరవక్కర్లేదు, పిల్లాడే సరిచేసుకుంటాడు. అక్షరాలూ అంతే. గరుకు కాగితంతో చేసిన అక్షరం మీద ముందు వేలితో దిద్దుతారు. పెన్సిల్ తర్వాతే.

అలాగని ఇష్టారాజ్యం కాదు. తీసిన వస్తువు తిరిగి దాని చోటే పెట్టాలి. పక్కవాళ్ల పనికి అడ్డు రాకూడదు.

మరి పేరుతో చిక్కేంటి?

‘మాంటిస్సోరి’ అన్నది ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. అందుకే పేరు ఒకటే అయినా లోపల జరిగేది ఒకేలా ఉండదు. దీనిపై అమెరికాలో వర్జీనియా యూనివర్సిటీ పరిశోధకురాలు ఏంజెలిన్ లిల్లార్డ్ 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. అసలు పద్ధతిని ఉన్నదున్నట్టు పాటించిన క్లాసుల్లో పిల్లలు ఎక్కువ మెరుగుపడ్డారు. వర్క్‌షీట్ల లాంటివి కలిపేసిన క్లాసుల్లో ఆ స్థాయి ఫలితం కనిపించలేదు.

మన జాతీయ విద్యా విధానం 2020 కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ‘పునాది దశ’గా చెప్పి, ఆటపాటలతోనే నేర్పాలంటోంది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్య ప్రణాళిక చట్రం అయితే ఆరేళ్లలోపు పిల్లలకు నిర్ణీత పాఠ్యపుస్తకాలే వద్దని చెప్పింది.

ఫీజు కట్టే ముందు ఇవి అడగండి

* క్లాసు నడుస్తుండగా ఓ అరగంట కూర్చుని చూడనిస్తారా?
* వేర్వేరు వయసుల పిల్లలు కలిసి ఉంటారా?
* సామాన్లు పిల్లల చేతిలో ఉన్నాయా, అద్దాల బీరువాలో ఉన్నాయా?
* టీచర్ ఎక్కడ, ఎంతకాలం శిక్షణ తీసుకున్నారు?
* హోంవర్క్, పరీక్షలు ఉన్నాయా?

ఖరీదైన స్కూలే అక్కర్లేదు

ఇంట్లోనూ చేయొచ్చు. చిన్న చెంబుతో గ్లాసులో నీళ్లు పోయనివ్వండి. చొక్కా గుండీలు తననే పెట్టుకోనివ్వండి. మీరు పక్కన ఉండి శనగలు, బొబ్బర్లు వేరు చేయించండి. ఆ చిన్న వేళ్లకు పట్టు వచ్చేది ఇలాంటి పనులతోనే. ఆఫీసుకు టైమ్ అవుతున్నా సరే.. ఓ ఐదు నిమిషాలు ఆగి చూడండి.

ఒక్క జాగ్రత్త. ‘వాడి స్పీడ్‌లో వాడు నేర్చుకుంటాడులే’ అని అన్నీ వదిలేయకూడదు. మాటలు బాగా ఆలస్యమైనా, పిలిస్తే పలకకపోయినా పిల్లల డాక్టర్‌కు చూపించాలి. పక్కింటి పాప అప్పుడే ఏబీసీడీలు రాసేస్తోందన్న కంగారు మాత్రం అక్కర్లేదు.