ఫోన్‌లో టైం కరెక్టే.. మరి సహరీ టైం ఎందుకు తప్పుతుంది?

కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు ఎక్కువే కాబట్టి, అక్కడి టైం లెక్క అంబాజీపేటలో మన పెద్దవాళ్లకీ నోటికే వచ్చు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక.

కంప్యూటర్‌కి మాత్రం ఈ లెక్క చాలదు. విండోస్‌లో టైం జోన్ల జాబితా తెరిచి చూడండి. +3 గంటల దగ్గర 'కువైట్, రియాద్' ఒక వరుసలో, 'బాగ్దాద్' వేరే వరుసలో కనిపిస్తాయి. ఈరోజు రెండుచోట్లా గడియారం ఒకటే. కానీ ఇరాక్‌లో 2007 వరకూ ఎండాకాలం గడియారాన్ని గంట ముందుకు జరిపేవారు. పాత రికార్డుల్లో టైం సరిగ్గా చూపాలంటే సాఫ్ట్‌వేర్‌కి ఆ చరిత్ర కూడా తెలియాలి. మన +5:30 పక్కన శ్రీలంకకి విడి వరుస ఉన్నదీ అందుకే. వాళ్లు 1996లో టైం మార్చుకుని, 2006లో మళ్లీ మన టైంకే వచ్చారు.

ఫోన్ అయితే టవర్ ద్వారా తెలుసుకుంటుంది. టవర్ పంపే సమాచారంలో గంటల తేడా ఉంటుంది, జోన్ పేరు ఉండదు. అందుకే నెట్‌వర్క్ దేశం కోడ్ కూడా చూస్తుంది. ఇండియాకి 404, 405, కువైట్‌కి 419, సౌదీకి 420. గడియారం ఎప్పుడు మార్చాలన్న రూల్స్ మాత్రం ఫోన్‌లో ముందే ఉంటాయి. వాటిని ప్రభుత్వం ఆఖరి నిమిషంలో మారిస్తే గందరగోళమే. 2023 మార్చిలో లెబనాన్ ప్రభుత్వం రంజాన్ అయ్యేదాకా గడియారం మార్చొద్దంది. చర్చి పెద్దలు, కొన్ని టీవీ చానెళ్లు ఒప్పుకోలేదు. కొన్ని రోజులు ఒకే దేశంలో రెండు టైంలు నడిచాయి, చాలా ఫోన్లు వాటంతట అవే గంట ముందుకు వెళ్లిపోయాయి.

మన దేశంలో ఆ గొడవ లేదు, ఉన్నది ఒకటే జోన్. మనకి చిక్కు అక్కడే వస్తుంది. నమాజ్ టైం గడియారాన్ని బట్టి కాదు, సూర్యుణ్ణి బట్టి. రేఖాంశం ఒక డిగ్రీ మారితే 4 నిమిషాల తేడా. హైదరాబాద్ దాదాపు 78.5 డిగ్రీల దగ్గర ఉంటే, అంబాజీపేట 82కి దగ్గర్లో ఉంది. అంటే ఇక్కడ సుమారు 14 నిమిషాల ముందే తెల్లారుతుంది. యాప్‌లో సిటీ హైదరాబాద్ అని ఉండిపోతే ఇఫ్తార్ కాస్త ఆలస్యమవుతుంది, అంతే. సహరీ సంగతి అలా కాదు, ఫజర్ వచ్చేశాక కూడా తింటూనే ఉంటాం.

కాబట్టి ఆటోమేటిక్ టైం ఆన్‌లో ఉంది కదా అని వదిలేయకండి. నమాజ్ యాప్‌కి లొకేషన్ విడిగా ఇవ్వండి. సెలవు మీద గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల ఫోన్లలో పాత సిటీయే ఉండిపోయిందేమో చూడండి. మన మసీదు టైంటేబుల్‌తో ఒకసారి సరిచూసుకుంటే ఇంకా మంచిది.