తల తిప్పితే కనిపెట్టే యంత్రం

1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ చేసిన హెడ్‌సెట్ పెట్టుకోవాలంటే పైకప్పు నుంచి దిగిన లోహపు కడ్డీ కింద నిలబడాలి. తలకు రెండు పక్కలా చిన్న పిక్చర్ ట్యూబులు, వాటిలో గీతలతో గీసిన బొమ్మలు. తల ఎటు తిరిగిందో, ఎంత వంగిందో కొలిచి కంప్యూటర్‌కు చేరవేసేది ఆ కడ్డీయే. తలతోపాటు బొమ్మా తిరగాలి. ఆలస్యమైతే కడుపులో తిప్పుతుంది. అంటే మనిషిని కనిపెట్టుకుని ఉండకపోతే ఈ యంత్రం పుట్టేదే కాదు. అయితే అప్పట్లో కొలత ఆ గది దాటేది కాదు.

2012లో పామర్ లక్కీ ఆక్యులస్ రిఫ్ట్ అనే హెడ్‌సెట్ కోసం జనాన్ని 2.5 లక్షల డాలర్లు అడిగితే 24 లక్షలు వచ్చాయి. 2014లో ఫేస్‌బుక్ ఆక్యులస్ కంపెనీని కొంటున్నానని ప్రకటించగానే, హెడ్‌సెట్ ఫేస్‌బుక్ గుప్పిట్లోకి పోతుందని డబ్బిచ్చినవాళ్లలో చాలామంది మండిపడ్డారు. వాళ్ల భయం ఉత్తిది కాదు. 2020లో అదే కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2 వాడాలంటే ఫేస్‌బుక్ అకౌంట్ తప్పనిసరి అన్నారు. జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ విచారణ మొదలుపెట్టింది. 2022లో గానీ ఆ షరతు పోలేదు.

ఈలోగా కడ్డీ కెమెరాగా మారింది. 2019 నాటి మొదటి క్వెస్ట్‌కు ముందువైపు నాలుగు మూలలా నాలుగు కెమెరాలు. బల్ల అంచు, కిటికీ చట్రం, గోడమీది పటం మూల, ఇలాంటివి పట్టుకుని, అవి ఎంత జరిగాయో చూసి మీ తల ఎక్కడుందో లెక్కకడతాయి.

"మన దగ్గర దాచుకోవడానికి ఏముందిలే, ఫోన్ ఎలాగూ అన్నీ చూస్తోంది" అనేవాళ్లు మన చుట్టూ చాలామందే. నేను ఒప్పుకోను. ఫోన్‌లో దొంగ పేరు పెట్టుకోవచ్చు. మెడ తిప్పే తీరును మార్చుకోలేం. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు హెడ్‌సెట్ పెట్టుకున్న 511 మందిలో ఎవరు ఎవరో అయిదు నిమిషాల లోపు కదలికలతోనే 95 శాతం సరిగ్గా చెప్పారు. 2023లో బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు కత్తులతో ఘనాలు నరికే బీట్ సేబర్ ఆట ఆడే 55 వేల పైచిలుకు మందిని తీసుకున్నారు. 100 సెకన్ల కదలికలు చాలు, 94 శాతం మందిని గుర్తుపట్టగలిగారు.

దారి లేకపోలేదు. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రోలో వేళ్లు కలిపి ఎంచుకునేదాకా మీ చూపు ఎక్కడుందో యాప్‌లకు తెలియదు. నలుగురూ కలిసి ఆడే ఆటలోనే చిక్కు: మీ చేతులు అవతలివాళ్లకు కనపడాలంటే కదలికలు నెట్‌వర్క్ దాటక తప్పదు. కొలతలో కావాలని కొంచెం తేడా కలిపి పంపే పద్ధతిని బర్కిలీ పరిశోధకులే ప్రయత్నించారు. తేడా మరీ పెరిగితే మాత్రం ఆటలో గురి తప్పుతుంది.