ఎత్తు పెంచిన జీపు - చేతిలో వణికే స్టీరింగు

1947లో మహీంద్రావారు మన దేశంలో విల్లీస్ జీపులు బిగించటం మొదలుపెట్టారు. ఆనాటినుంచి కొడగు కాఫీ తోటలలోనూ, నీలగిరి ఘాట్‌రోడ్ల మీదా, కోరాపుట్ కొండబాటలలోనూ జీపు ఇంటి మనిషిలాగే మెలగుతూ వున్నది. ఈనాటి కుర్రవాళ్ళకు ఆ మోజు ఇంకొక రూపంలో పట్టుకున్నది. పాత జీపో, జిప్సీయో కొని, దానిని 3, 4 అంగుళాలు పైకెత్తించి, పెద్ద టైర్లు తొడిగించి, బండరాళ్ళ మీద నడపటం ఒక వేడుకయింది. వేడుకను మేము కాదనము. కాని ఆ బండిలోనే ఆదివారంనాడు అమ్మనూ, చెల్లెలినీ కూర్చోబెట్టుకుని పెద్దరోడ్డు మీద పోతారు గనుక, దాని సంగతి ఇంటిల్లిపాదికీ కొంత తెలిసివుండటం మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందు బండి వాటం చూద్దాము. పాత జీపుకు ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ ఒకే ఇరుసు. ఆ ఇరుసు కమాను కట్టల మీద వుంటుంది. స్టీరింగు పెట్టె బండి చట్రానికి బిగించి వుంటుంది. చక్రాలు ఇరుసుకు వుంటాయి. ఈ రెండింటి నడుమ డ్రాగ్‌లింకు అనే కడ్డీ వంతెనవంటిది. బండిని పైకెత్తినప్పుడు చట్రంతోపాటు పెట్టె పైకి పోతుంది; ఇరుసు కిందనే వుంటుంది. అంతవరకు ఇంచుమించు సమంగా వున్న కడ్డీ ఏటవాలు అవుతుంది. చాలా తగవులకు మూలం ఇక్కడే వున్నది.

ఒక లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల కడ్డీ అడ్డంగా, సమంగా వున్నదనుకుందాము. చక్రం 5 సెంటీమీటర్లు కదిలితే కడ్డీ అడ్డకొలత 2 మిల్లీమీటర్లే మారుతుంది. అదే కడ్డీ ముందే 10 సెంటీమీటర్లు వాలి వుండి, ఇంకొక 5 సెంటీమీటర్లు వాలితే, మార్పు దాదాపు 11 మిల్లీమీటర్లు. అంటే అయిదింతలు! డ్రైవరు స్టీరింగు తిప్పకుండానే గుంట చక్రాలను తిప్పేస్తుందన్నమాట. ప్రతి గతుకుకూ బండి పక్కకు లాగితే అనుమానించవలసింది ఈ ఏటవాలునే. దీనికి కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ వేసి కడ్డీని మళ్ళీ సమం చేస్తారు.

2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన జిమ్నీవంటి బండ్లలో కమాను కట్టలకు బదులు చుట్ట స్ప్రింగులు వుంటాయి. వాటిలో ఇరుసు పక్కలకు జరగకుండా ట్రాక్‌బార్ అనే మరొక కడ్డీ పట్టుకుంటుంది. ఆ రెండు కడ్డీలూ ఒకే వాలులో వుంటేనే ఇరుసూ స్టీరింగూ జోడెద్దులవలె కలిసి కదులుతాయి. ఒకదాని వాలు దిద్ది రెండోదానిని వదిలేస్తే రోగం తగ్గకపోగా ఎక్కువవుతుంది. పైగా బండిని ఎత్తగానే ట్రాక్‌బార్ ఇరుసును ఒక పక్కకు లాగుతుంది గనుక, దాని పొడవును కూడా సరిచేయవలె.

రెండవ లక్షణం: మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంతట తాను నేరుకు రాదు, తిన్నని రోడ్డు మీద బండి అటూ ఇటూ పోతుంది. సైకిలు ముందు చీలిక కొంచెం వెనుకకు వాలి వుండటం మీరు చూసేవుంటారు. చేతులు వదిలినా సైకిలు నేరుగా పోవటానికి ఆ వాలు తోడ్పడుతుంది. జీపు చక్రాలకూ అటువంటి వాలే వున్నది. దానిని కాస్టరు అంటారు. పాత విల్లీస్ నమూనాకు అది 3 డిగ్రీలు. పొడుగు షాకిళ్ళు వేసి ఎత్తు పెంచితే ఇరుసు తిరిగి ఈ వాలు మారిపోతుంది. కమాను కట్టకూ ఇరుసుకూ నడుమ ఏటవాలు ఇనుప చీలలు పెట్టి దీనిని సరిచేస్తారు. ఊహమీద కాక, ఎలైన్‌మెంటు యంత్రం మీద కొలిపించి పెట్టించాలి.

మూడవది అన్నిటికన్న భయంకరమైనది. బండి 70, 80 కిలోమీటర్ల వేగంలో పోతూ ఒక గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ గడగడ వణకటం మొదలవుతుంది. స్టీరింగు చేతిలో నిలవదు. బండి అంతా ఊగిపోతుంది. ఒకే ఇరుసు వున్న బండ్లకే ఈ పీడ ఎక్కువ. అప్పుడు చేయవలసిందేమనగా, బెదరకుండా స్టీరింగును గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి, బ్రేకు అదిమి తొక్కక, మెల్లగా వేగం తగ్గించి పక్కకు తీసి ఆపటమే. కారణం తెలిసేవరకు ఆ బండి మళ్ళీ పెద్దరోడ్డు ఎక్కరాదు.

కారణం వెదకటానికి ఒక వరుస వున్నది. ఆ వరుస తప్పితే డబ్బు ఖర్చే గాని ఫలితం వుండదు.

మొదట టైర్ల గాలి, చక్రాల నట్లు, టైర్ల బ్యాలెన్సు చూడవలె. పెద్ద టైరు బరువెక్కువ గనుక కొంచెం తేడా వున్నా గట్టిగా కొడుతుంది.

తరువాత బండిని సమతలం మీద నిలిపి, హేండ్‌బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా కుడి ఎడమలకు ఆడించాలి. రెండవవారు కిందికి వంగి ఒక్కొక్క కీలుమీద చేయి వేసి చూడాలి. టై రాడ్ కొసలు, డ్రాగ్‌లింకు కొసలు, స్టీరింగు పెట్టె బోల్టులు, షాకిళ్ళ బుష్షులు - ఎక్కడ ఒక ముక్క కదిలిన తరువాత గాని రెండవది కదలదో అక్కడ అరుగుదల వున్నట్లు.

మూడవది, జాకీమీద ఒక చక్రాన్ని లేపి, ఇరుసు కింద స్టాండు పెట్టిన తరువాతనే, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఆడించాలి. ఆట వుంటే ఇంకొకరిచేత బ్రేకు తొక్కించండి. ఆట పోయిందా, తప్పు చక్రం బేరింగుది. పోలేదా, కింగ్‌పిన్ బేరింగుది. చక్రాన్ని పక్కలనుంచి పట్టుకుని ఆడిస్తే టై రాడ్ సంగతి తెలుస్తుంది.

నాలుగవది, కమాను కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు. ఎత్తు పెంచేటప్పుడు పాతవి మళ్ళీ వాడరాదు. కొత్తవి కూడా కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక కట్టలు సర్దుకుని వదులవుతాయి. మళ్ళీ పానా పెట్టి బిగించాలి.

చివరకు ఎలైన్‌మెంటు. విల్లీస్ నమూనాకు ముందు చక్రాలు ముందువైపు లోపలికి 1 నుంచి రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే వుండాలి. స్టీరింగు చక్రం వంకరగా నిలబడితే దానిని ఊడదీసి తిప్పి పెట్టేవారున్నారు. అది సరికాదు, సరిచేసే వీలున్న డ్రాగ్‌లింకు వేయించి, దాని పొడవు దిద్దటం సరైన పద్ధతి.

ఇక్కడ ఒక మోసం వున్నది. వణుకు రాగానే కొందరు స్టీరింగు డేంపరు కొత్తది, బలమైనది వేస్తారు. వణుకు కొన్నాళ్ళు అణిగినట్లుంటుంది. జ్వరం వచ్చినవాడికి తడిగుడ్డ వేసి రోగం కుదిరిందనటంవంటిదది. లోపల కీలు అరుగుతూనే వుంటుంది.

స్టీరింగుతో సంబంధం లేకపోయినా ప్రాణంతో సంబంధం వున్న మరొక సంగతి: బ్రేకు గొట్టాలు. బండిని ఎత్తినప్పుడు చక్రం వేలాడితే రబ్బరు గొట్టం బిగదీసుకుంటుంది. చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగు రెండు వైపులా తిప్పి, గొట్టం వదులుగా వున్నదో లేదో చూడండి. షాక్ అబ్జార్బర్లు కూడా పొడవు చాలక చక్రాన్ని మధ్యలోనే ఆపకూడదు.

మరి చట్టం? మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నమయ్యేటట్లు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళనుంచి వచ్చిన ఒక కేసులో ఈ సంగతినే స్పష్టం చేసింది. కనుక ఖర్చు పెట్టకముందే రవాణా కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ విచారించుకోవలె. ప్రమాదం జరిగిననాడు బీమా కాగితం చెల్లకపోతే బాధపడేది బండి కాదు, ఇల్లు.

ఎత్తు పెరిగినకొద్దీ బరువు పైకి పోతుంది. మలుపులో బోల్తాపడే గుణం పెరుగుతుంది. ఏ పానా పట్టుకున్నా ఇది మారదు. అందుచేత ఇంటి పెద్దలకు మా మనవి: అబ్బాయిని కోప్పడవద్దు. పైన చెప్పిన పరీక్షలో స్టీరింగు ఆడించటానికి మీరు కూర్చోండి, కిందికి వంగి కీళ్ళు చూడటం వాడికి వదలండి. ఒక్క గంట పని. ఆ గంటలో ఒక్క వదులు బోల్టు దొరికినా చాలు.